ఫర్వానియాలో పిండి పులిసిన రాత్రి

జూలైలో ఈ కుళాయిని నమ్మి చెయ్యి పెట్టలేం.
మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు ఉడుకుతుంటాయి.
గీజరు ఆపేసి, దాన్నే చల్లకుండ అనుకుని
పిల్లదానికి అందులోంచి పోస్తాను.
జనవరిలో లెక్క తిరగబడింది.
అదే ట్యాంకు, అదే పైపు,
బియ్యం కడిగాక వేళ్ళు నావి కావు.

ముగ్గురు ఆడవాళ్ళం, మూడు గదులు, ఒకటే వంటిల్లు.
"ఏం చలండీ బాబూ" అంటుంది రాజోలు సత్యవేణి
అంట్ల వైపు చూస్తూ, ముట్టుకోకుండా.
"ఇగం, ఇగం" అంటూ జగిత్యాల లస్మక్క
రెండు చేతులూ చంకల్లో దాచుకుంటుంది.
మాది రాయచోటి.
ఎండని తిట్టడానికి మా దగ్గర పది మాటలున్నాయి,
ఇంత చలికి ఒక్కటీ లేదు.

గీజరూ, హీటరూ, లస్మక్క ఇస్త్రీపెట్టే
ఒకేసారి పెడితే కరెంటు పోతుంది.
నాలుగంతస్తులు దిగి హారిసుని లేపాలి.
నూరుద్దీన్ మంకీ క్యాపులోంచి కళ్ళు మాత్రమే తిడతాయి.
అందుకని స్నానాలకు వంతులు రాసి గోడకంటించాం.
అయిదింటికి ఆసుపత్రి బస్సెక్కే సత్యవేణిది మొదటి వంతు,
మాది చివరిది.
గోరువెచ్చన అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు,
గోటి వరకే వెచ్చన.

కొబ్బరినూనె సీసా పొయ్యి పక్కన కరుగుతుంటే
చంద్రిక జడ కోసం నిలబడి ఉంటుంది
రెండు స్వెట్టర్లలో, చేతులు కిందికి దిగక.

ఒకరోజు రాజేశం బావ బొగ్గుల సంచి తెచ్చాడు,
ఎడారిలో గుడారాలేసుకున్నోళ్ళు వదిలేసింది.
గదిలో కుంపటి పెడదామన్నాడు.
సత్యవేణి సంచికి అడ్డం నిలబడింది.
ఆమె ఆసుపత్రిలో నేల తుడుస్తుంది.
పోయినేడు తలుపులన్నీ మూసుకుని
బొగ్గులతో పడుకున్న ఇద్దరిని తెచ్చారట.
అంతకు మించి చెప్పలేదు.
సంచి బాల్కనీలోనే ఉంది,
దాని మీద ఒక పావురం ముడుచుకుని కూచుంటోంది.

నా బాధ వేరే. పిండి.
మంగళవారం రుబ్బింది, గురువారానికీ కదల్లేదు.
మూత తీస్తే గోడకేసే సున్నంలా చూస్తుంది నన్ను.

మా ఆయన షువైఖులో కోల్డ్ స్టోరేజీలో పని.
లోపల సున్నాకి పద్దెనిమిది కింద,
ఏ దేశాలవో కోళ్ళు, గొర్రెలు, రాళ్ళయి.
ఎండాకాలం అందరూ కుళ్ళుకునే ఉద్యోగం.
ఈ వారం తలుపు తీసుకుని బయటికొస్తే
బయటా గోదామే అంటాడు.
కంపెనీ ఇచ్చిన నీలం కోటు, మోకాళ్ళ దాకా.
చెడితే పదిహేను దినార్లు కోత,
ఇంట్లో దాన్నెవరూ ముట్టకూడదు.

ఆ రాత్రి ఆయన గురక మొదలయ్యాక
సత్తు గిన్నెకి ఆ కోటు తొడిగాను.
జిప్పు పైదాకా లాగి, చేతులు రెండూ చుట్టి,
మూత మీదికి టోపీ దించి
గీజరు కింద కూర్చోబెట్టాను.
చంద్రిక మధ్యలో లేచి
"అమ్మా, బాత్‌రూములో ఎవరో కూచున్నారు" అని ఏడ్చింది.

తెల్లారి చూస్తే జిప్పు పళ్ళ సందుల్లోంచి నురుగు,
కుడి జేబులో పావు గిన్నె పిండి.
ఆయన కోటు వైపు చూశాడు, నా వైపు చూశాడు.
నేను పెనం పెట్టాను.
మొదటి అట్టు చుయ్‌మనగానే
మూడు గదుల తలుపులూ తెరుచుకున్నాయి.
నాలుగోది తింటూ ఆయన
పదిహేను దినార్ల మాట ఎత్తలేదు.

ఉతికాను. ఈ చలిలో ఏం ఆరుతుంది?
శనివారం తడి చేతుల్తోనే వేసుకెళ్ళాడు.
జేబు మూలన మిగిలిన పిండి లోపల గడ్డకట్టిందట,
పదింటికి బయట చాయ్ తాగుతుంటే
మెల్లగా కరిగి వాసనొచ్చిందట.
పక్కనున్న మిస్రీ ఏమిటని అడిగితే
ఏమీ లేదన్నాడట.

ఈ గురువారం కోటు తనే తెచ్చి గీజరు కింద పెట్టాడు,
లోపల ప్లాస్టిక్ కవరు పరిచి.
జేబులు మాత్రం కుట్టెయ్యమన్నాడు.
సూదిలో దారం ఎక్కించలేక
వేళ్ళు ఊదుకుంటూ కూచున్నాను.